స్లైడ్ గిటార్ మీద బ్లూస్: మోత వస్తోంది కానీ పాట రావట్లేదా?

స్లైడ్ (తీగల మీద జరిపే గాజు లేదా లోహపు గొట్టం) వేలికి తొడుక్కున్న మొదటి వారం అందరూ అనేది ఒకటే మాట, రికార్డులో మనిషి ఏడ్చినట్టు వినిపిస్తుంది, మా ఇంట్లో మాత్రం స్టీలు గిన్నెలు జారిపడినట్టు వినిపిస్తోంది అని. వెంటనే వేరే స్లైడ్ కొంటారు, తర్వాత వేరే గిటార్ మీద కన్ను పడుతుంది. నేను చూసినంతవరకు తప్పు వస్తువులో ఉండేది తక్కువ, చెయ్యి తీగని ముట్టుకునే తీరులోనూ చెవిలోనూ ఉండేదే ఎక్కువ. అందుకని డబ్బులు పెట్టేముందు ఇవి ఒకసారి చూస్కోండి.

నేను రాసేదంతా మామూలు ఆరు స్ట్రింగుల అకౌస్టిక్ గిటార్, ఓపెన్ జి ట్యూనింగ్ (ఖాళీ తీగలు మీటితేనే జి కార్డ్ మోగే శ్రుతి) అనుకుని రాస్తున్నా. మామూలు ట్యూనింగ్‌లోంచి ఆరో స్ట్రింగుని ఈ నుంచి డి కి, ఐదోదాన్ని ఏ నుంచి జి కి, ఒకటోదాన్ని ఈ నుంచి డి కి దించాలి, మిగతా మూడూ అలాగే ఉంచేయాలి. జి ని షడ్జమం అనుకుంటే లావు తీగ నుంచి సన్న తీగ దాకా ప స ప స గ ప అన్నమాట. మన సంగీతం కొంచెం తెలిసినవాళ్లకి ఇలా చెప్తే ఠక్కున ఎక్కుతుంది. ఐదో ఫ్రెట్ మీద స్లైడ్ అడ్డంగా పెడితే మధ్యమం మీద కార్డ్, ఏడో ఫ్రెట్ మీద పంచమం మీద కార్డ్, పన్నెండు మీద మళ్లీ షడ్జమం. పన్నెండు బార్ల (తాళం చుట్ల) బ్లూస్‌ మొత్తం ఈ చోట్ల మధ్యే తిరుగుతుంది.

టకటకమని ఫ్రెట్‌కి తగులుతోంది, నోట్ జీరగా వస్తోంది

నొక్కుతున్నారు, అదే కారణం. మామూలు గిటార్ వాయించి వచ్చినవాళ్లందరికీ ఇదే అలవాటు, ఇన్నాళ్లూ నేర్చుకుందే వేలు కిందకి నొక్కడం కదా. స్లైడ్‌ని నొక్కకూడదు, ఆనించాలి. నిద్రపోతున్న పసిపిల్లకి జ్వరం ఉందేమో అని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తామే, అంత ఒత్తిడి చాలు.

ఇది మాటల్లో చెప్తే తెలీదు కాబట్టి ఇలా చెయ్యండి. ఒకటో స్ట్రింగు మీద ఏడో ఫ్రెట్ దగ్గర స్లైడ్ ఆనించి మీటండి, మళ్లీ మళ్లీ మీటుతూ ఒత్తిడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోండి, ఒక దగ్గర నోట్ మాయమైపోయి ఉత్త గరగర వస్తుంది, అక్కడి నుంచి వెంట్రుకవాసి ఒత్తిడి పెంచితే నోట్ మళ్లీ తేటగా వస్తుంది చూడండి, అదే మీ ఒత్తిడి. రోజూ ఐదు నిమిషాలు ఇదొక్కటే చేసినా చెయ్యి మారుతుంది.

చెయ్యి తేలికైనా ఇంకా తగులుతుంటే అప్పుడు గిటార్ సంగతి చూడాలి. 10 సెట్ స్ట్రింగులు (అంకె తగ్గితే తీగ సన్నం) వేసి వాటిని ఇంకా కిందకి దించితే బట్టలారేసే తాడులా వదులైపోతాయి, స్లైడ్ ఆనగానే ఫ్రెట్‌కి తగులుతాయి. అకౌస్టిక్ మీద 13 సెట్ వెయ్యండి, కనీసం 12. యాక్షన్ (ఫ్రెట్ల నుంచి తీగల ఎత్తు) కూడా మామూలుకంటే కొంచెం ఎత్తుండాలి. నేను ఒకసారి ఒక షాపులో గిటార్ ఇస్తే, అడక్కుండానే సాడిల్ (కింది వైపు తీగలు ఆనే పట్టీ) అరగదీసి యాక్షన్ తగ్గించి ఇచ్చారు, చేతికి సుఖంగా ఉంటుందని. మామూలు వాయింపుకి అది మంచి పనే కానీ స్లైడ్‌కి సరిగ్గా వ్యతిరేకం, కొత్త సాడిల్ వేయించుకోవాల్సి వచ్చింది. కాబట్టి ఇచ్చేముందే స్లైడ్ కోసమని గట్టిగా చెప్పండి. ఉన్న ఒక్క గిటార్‌ని మార్చడం ఇష్టం లేకపోతే నట్ (గిటార్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) మీద తొడిగే ఎక్స్‌టెండర్ దొరుకుతుంది, అది పెడితే స్ట్రింగులు లేస్తాయి, తీసేస్తే గిటార్ మళ్లీ మామూలే.

శ్రుతి కలవట్లేదు, ఎప్పుడూ కొంచెం కిందే ఉంటోంది

మామూలుగా వేలు పెట్టేది రెండు ఫ్రెట్ల మధ్య ఖాళీలో. స్లైడ్ కూడా అక్కడే పెడితే నోట్ కచ్చితంగా దిగిపోతుంది. ఇక్కడ స్ట్రింగుని ఆపేది ఫ్రెట్ కాదు, స్లైడే, అందుకని అది లోహపు ఫ్రెట్‌కి నిట్టనిలువుగా పైన ఉండాలి. ఇది తెలిసినవాళ్లకి కూడా తప్పడానికి ఇంకో కారణం ఉంది, మనం గిటార్ మెడ మీద నుంచి ఏటవాలుగా చూస్తాం కాబట్టి స్లైడ్ ఫ్రెట్ మీద ఉన్నట్టు కనిపిస్తుంది కానీ నిజానికి పక్కన ఉంటుంది. కంటిని నమ్మొద్దు. పన్నెండో ఫ్రెట్ దగ్గర స్ట్రింగుని వేలితో ఊరికే ముట్టుకుని మీటి, వేలు తీసేస్తే గంటలాంటి హార్మోనిక్ వస్తుంది, అది చెవిలో ఉండగానే అక్కడే స్లైడ్ ఆనించి మీటండి, రెండూ ఒకటే అయ్యేదాకా స్లైడ్‌ని అటూ ఇటూ జరపండి. ట్యూనర్ చూస్తూ చెయ్యొద్దు, ముందు చెవితో కలిపి తర్వాత ట్యూనర్‌తో సరిచూస్కోండి. కార్డ్ వాయిస్తే ఒక పక్క స్ట్రింగులు కలిసి ఇంకో పక్కవి కలవకపోతే స్లైడ్ ఏటవాలుగా ఉందని, ఫ్రెట్‌కి సమాంతరంగా తిప్పుకోండి.

ఒక నోట్ వాయిస్తే వెనక ఇంకో నాలుగు మోగుతున్నాయి

నా లెక్కలో అసలు పాఠం ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

స్లైడ్ స్ట్రింగుని రెండు ముక్కలు చేస్తుంది, బ్రిడ్జ్ (తీగలు కట్టిన కింది చివర) వైపు ముక్క మనకి కావాల్సింది, నట్ వైపు ముక్క కూడా మోగుతుంది కానీ దాని శ్రుతి మామూలుగా మన నోట్‌తో కలవదు. పైగా స్లైడ్ పక్క స్ట్రింగులకి కూడా రాసుకుంటూ పోతుంది, వాటి మూలుగులు వేరే. ఇవన్నీ కలిసి వచ్చేదే ఆ గిన్నెల చప్పుడు.

ఎడమ చెయ్యి సంగతి ముందు. స్లైడ్ ఉంగరం వేలికి ఉంటే చూపుడు వేలు, మధ్య వేలు దాని వెనక, అంటే నట్ వైపు, స్ట్రింగుల మీద ఊరికే వాలి ఉండాలి. స్లైడ్ ఎటు జరిగితే అవి కూడా అటే దానితో పాటే జరగాలి. చిటికెన వేలికి తొడుక్కుంటే ఇంకా మంచిది, ఆపడానికి మూడు వేళ్లు ఉంటాయి, మధ్యలో మామూలు కార్డులు కూడా పట్టుకోవచ్చు, బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ అలాగే వాయించేవాడు. కుడి చెయ్యి విషయానికొస్తే పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) పక్కన పెట్టి వేళ్లతో వాయించడం నేర్చుకోండి. ఒకటో స్ట్రింగుని మధ్య వేలితో మీటేటప్పుడు చూపుడు వేలు రెండోదాని మీద, బొటనవేలు మూడోదాని మీద ఆని ఉండాలి, అరచేతి అంచు లావు తీగల మీద ఉండాలి. ఏ వేలికీ ఖాళీ ఉండదు, మీటేది ఒకటే వేలు, మిగతావన్నీ ఆపే పనిలో ఉంటాయి. రాక్ గిటారిస్టు డ్యువేన్ ఆల్మన్ ఖాళీ జలుబు మాత్రల గాజు సీసా వేలికి పెట్టుకుని ఎలక్ట్రిక్ గిటార్ మీద అంత శుభ్రంగా వాయించాడంటే కుడి చేతి వేళ్ల పని కూడా అందులో ఉంది, ఇంకో స్లైడ్ గిటారిస్టు డెరెక్ ట్రక్స్ వీడియోలు చూసినా ముందు కుడి చెయ్యి చూడండి, ఎడమ చెయ్యి కాదు.

మొదట్లో వేళ్లు చిక్కుపడిపోతాయి, విసుగొస్తుంది, ఆపొద్దు. ఐదో ఫ్రెట్ మీద ఒక నోట్, తర్వాత పూర్తి నిశ్శబ్దం, ఏడో ఫ్రెట్ మీద ఒక నోట్, మళ్లీ నిశ్శబ్దం, ఇలా చేసి ఫోన్‌లో రికార్డ్ చేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నోట్ల మధ్య ఖాళీ మాత్రమే వినండి. అక్కడ ఏం మోగుతోందో దాన్ని ఏ వేలు ఆపాలో మీకే తెలిసిపోతుంది.

ట్యూన్ చేస్తుంటే స్ట్రింగు తెగింది

ఓపెన్ ఈ కి గానీ ఓపెన్ ఏ కి గానీ పైకి బిగించి ఉంటారు. లావు స్ట్రింగులతో ఆ పని చెయ్యొద్దు, గిటార్ మెడ మీద కూడా భారం. ఓపెన్ డి లో పెట్టి రెండో ఫ్రెట్ దగ్గర కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెడితే అదే ఓపెన్ ఈ, ఓపెన్ జి కి అలాగే పెడితే ఓపెన్ ఏ. ఓపెన్ డి కూడా అన్నీ దించేదే, స ప స గ ప స, బ్లూస్ గిటారిస్టు ఎల్మోర్ జేమ్స్ 1951లో రికార్డ్ చేసిన ఆ పన్నెండో ఫ్రెట్ మోత కావాలంటే ఇదే పట్టుకోవాలి.

స్లైడ్ వేలు మీద నిలవట్లేదు, శబ్దం పల్చగా ఉంది

వదులుగా ఉంటే లోపల మెడికల్ టేప్ ఒక చుట్టు అంటించండి, చెయ్యి కిందకి వేలాడేసినా జారిపోకూడదు, అలాగని రక్తం ఆగిపోయేంత బిగుతు కూడా వద్దు. పల్చగా ఉంటే స్లైడ్ మరీ తేలిగ్గా ఉందని. దళసరి గాజు అయితే మెత్తగా గుండ్రంగా వస్తుంది, ఇత్తడి అయితే కొంచెం గరుకుగా గట్టిగా వస్తుంది. నాకు గాజే ఇష్టం. సీసా మెడ ఇంట్లో కోసుకుని చేసుకోవాలనుకుంటే అంచులు బాగా అరగదీయందే వేలు పెట్టొద్దు.

వైబ్రాటో వణుకులా ఉంది

వైబ్రాటో అంటే నోట్‌ని అటూ ఇటూ ఊపడం. మీరు చెయ్యి బిగబట్టి త్వరత్వరగా ఊపుతున్నారు. బొటనవేలు మెడ వెనక ఆని ఉండాలి, మణికట్టు నుంచి స్లైడ్ మెల్లగా ఊగాలి, ఫ్రెట్‌కి రెండు వైపులా సమానంగా. ముందు నోట్ మీద కదలకుండా ఆగండి, శ్రుతి కుదిరాక అప్పుడు ఊపడం మొదలెట్టండి. శ్రుతి కుదరకపోతే దాన్ని కప్పిపుచ్చడానికి ఊపితే అది ఇంకా బయటపడుతుంది.

అన్నీ కరెక్టే, అయినా బ్లూస్‌లా లేదు

దీనికి రెండు కారణాలు. మొదటిది, ప్రతి నోట్‌కీ జారుతూ వెళ్తున్నారు. మన గాయకులు ప్రతి అక్షరానికీ జారు వేస్తే వినగలమా? కొన్ని నోట్లు నేరుగా ఫ్రెట్ మీద వాలాలి, ఒకటో రెండో మాత్రమే కింద నుంచి ఎక్కాలి, అది కూడా ఎంత దూరం నుంచి, ఎంత నిదానంగా అన్నది మాట బరువుని బట్టి ఉంటుంది.

రెండోది గాంధారం. పియానో, హార్మోనియం నేర్చుకున్న చెవికి సాధారణ గాంధారం ఒకటి, అంతర గాంధారం ఒకటి, మధ్యలో ఏమీ లేదు. బ్లూస్ పాడేవాళ్ల గాంధారం సరిగ్గా ఆ ఏమీ లేని చోటే ఉంటుంది. ఓపెన్ జి లో మూడో స్ట్రింగు మీద మూడో ఫ్రెట్ సాధారణం, నాలుగో ఫ్రెట్ అంతరం. స్లైడ్‌ని మూడు మీద పెట్టి మీటి, నాలుగు వైపు గోరంత గోరంత జరపండి, నాలుగు దాకా వెళ్లకుండా ఆగండి, తర్వాత స్లైడ్ లేపి ఖాళీ స్ట్రింగు షడ్జమం మీద వాలండి. పదిసార్లలో ఒకసారి ఒళ్లు ఝల్లుమంటుంది, ఆ ఒక్కసారి స్లైడ్ ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోండి. ఒకటో స్ట్రింగు మూడో ఫ్రెట్ మీద కైశికి నిషాదం ఉంది, దాన్ని కూడా అలాగే కొంచెం ఎక్కించి చూడండి. ఈ మధ్య చోటు కోసమే గిటార్ మీదకి సీసా మెడ వచ్చిందని నా నమ్మకం. గోటువాద్యం (మెట్లు లేని వీణలాంటిది) మీద కర్ర ముక్క జరుపుతూ వాయించేవాళ్లని విన్నవాళ్లకి ఈ ఆశ కొత్తదేం కాదు, గొంతు వెళ్లే చోటికల్లా తీగ వెళ్లాలనే ఆశ అది.

అమెరికాలోని మిసిసిపి డెల్టాలో నల్లజాతి పిల్లలు గోడకి ఒక్క తీగ మేకులతో కొట్టి, కింద సీసా ఇరికించి, తీగ మీద ఇంకో సీసా జరుపుతూ వాయించుకునేవాళ్లు, డిడ్లీ బో అంటారు దాన్ని. 1903 ప్రాంతంలో టట్‌విలర్ రైల్వే స్టేషన్‌లో ఒకతను గిటార్ తీగల మీద కత్తి ఆనించి వాయిస్తూ పాడటం విన్నానని సంగీతకర్త డబ్ల్యూ. సి. హ్యాండీ తర్వాత రాసుకున్నాడు. పత్తి చేలల్లో పనిచేసే మనుషుల గొంతు నుంచి వచ్చిన సంగీతం ఇది, కాబట్టి ఒక వారం పాటు ఐదు స్ట్రింగులు మర్చిపోయి ఒక్కదాని మీదే వాయించండి, వాయించే ముందు ఆ లైను నోటితో పాడండి. ఊపిరి ఎక్కడ తీసుకుంటే అక్కడ గిటార్ కూడా ఆగాలి.

పాత రికార్డులు వింటే అన్నీ ఒకేలా ఉన్నాయి

గరగర వల్ల అలా అనిపిస్తుంది, పైగా చిన్న ఫోన్ స్పీకర్‌లో వింటే సగం పోతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ప్లేలిస్ట్ వద్దు, ఒక్క మనిషినే రెండు మూడు రోజులు వినండి. గరగర లేనిదాంతో మొదలుపెట్టాలంటే డెల్టా బ్లూస్ గాయకుడు సన్ హౌస్ 1965 రికార్డింగులు తీసుకోండి, స్టీలుతో చేసిన గిటార్ మీద స్లైడ్ కొరడాలా పడుతుంది, పాదంతో తాళం కూడా ఉంటుంది, దాని తర్వాత ఆయనవే 1930 నాటివి వింటే గరగర వెనక ఉన్నదేంటో తెలుస్తుంది. బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927 డిసెంబర్‌లో డాలస్‌లో చేసిన ఒక రికార్డులో మాటలే లేవు, ఉత్త మూలుగు, దాని పక్కనే స్లైడ్, ఆయన పాడింది భక్తి పాటలే కానీ స్లైడ్ నేర్చుకునేవాళ్లు వదలకూడనిది అది. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలతో పంపిన బంగారు రికార్డులో కూడా ఉంది. అక్కడ గొంతు ఎక్కడ ఆగింది, గిటార్ ఎక్కడ మొదలైంది అని వేలితో బల్ల మీద కొడుతూ గుర్తు పెట్టుకోండి, మొదట రెండుసార్లు తప్పు కొడతారు, అంతగా కలిసిపోయాయి రెండూ.

తర్వాత ఫ్రెడ్ మెక్‌డవెల్. పొలం పని చేసుకునే ఈయన్ని 1959లో జానపద పాటలు సేకరించే ఆలన్ లోమాక్స్ మిసిసిపిలో రికార్డ్ చేశాడు. పాడుతూ పాడుతూ లైను చివర మాట మింగేస్తాడు, ఆ మాటని గిటార్ చెప్తుంది. అక్కడ పాజ్ చేసి, మింగేసిన మాట మీరు పాడండి, తర్వాత స్లైడ్ తీసుకుని ఒకటో స్ట్రింగు మీద దాన్ని వెతకండి.