రెండో గ్రూపును సున్నంతో మొదలుపెట్టండి

బెరీలియం, మెగ్నీషియం, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం, రేడియం. ఆవర్తన పట్టిక రెండో గ్రూపులోని ఈ వరుసను గడగడా అప్పజెప్పే ఇంటర్ పిల్లలు మిర్యాలగూడలో నా దగ్గరకు ఏటా వస్తుంటారు. చర్యలు అడిగితే మాత్రం దిక్కులు చూస్తారు. నన్నడిగితే ఈ క్షార మృత్తిక లోహాలను బెరీలియంతో మొదలుపెట్టకూడదు. అది ఆ కుటుంబంలో వేరు కుంపటి పెట్టుకున్న మనిషి: నీటితో చర్య జరపదు, దాని హైడ్రాక్సైడ్ ఆమ్లంలోనూ క్షారంలోనూ కరుగుతుంది. వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు సున్నపురాయి తవ్వుతున్న నేల మనది. కాల్షియంతో మొదలుపెట్టండి.

ముందు సున్నపు తేట. తాంబూలానికి వాడే తడి సున్నం (కాల్షియం హైడ్రాక్సైడ్) ఒక చెంచా తీసుకుని, లీటరు ఫిల్టరు నీళ్లలో కలిపి, మూత బిగించి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున పైతేటను మాత్రం వంచుకోండి. లీటరులో ఒకటిన్నర గ్రాముకు కాస్త అటూ ఇటూగానే కరుగుతుంది. వేడి చేస్తే ఇంకా తక్కువ కరుగుతుంది కాబట్టి కాచి లాభం లేదు. బోరు నీళ్లు వద్దు. వాటిలోని బైకార్బొనేట్ సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేట్‌గా విడిపోయి నీళ్లను మసకబారుస్తుంది. నీటి కాఠిన్యం తగ్గించే క్లార్క్ పద్ధతి కిటుకు ఇదే.

పొడి సున్నం గడ్డలు (కాల్షియం ఆక్సైడ్) దొరికితే పెద్దవారి సాయంతో, కళ్లద్దాలు పెట్టుకుని, ఉసిరికాయంత ముక్కను మట్టి మూకుడులో పెట్టి నీళ్లు చుక్కలుగా వేయండి. బుసబుసమంటూ పగిలి, ఆవిరి కక్కి, పిండిలా ఉబ్బుతుంది. అల్యూమినియం గిన్నె పనికిరాదు, దాన్ని సున్నం తినేస్తుంది. కంట్లో పడితే ధారగా నీళ్లతో కడుగుతూనే ఉండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పుడు అసలు ప్రయోగం. తేటకు సమానంగా ఫిల్టరు నీళ్లు కలిపి, వంటసోడా మీద నిమ్మరసం పిండితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ వాయువును గొట్టంతో అందులోకి పంపండి. పాలలా తెల్లబడుతుంది, అది కరగని కార్బొనేట్. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మీరు ఆపకండి. ఇంకా పంపుతూ ఉంటే తెలుపు విరిగి మళ్లీ తేట అవుతుంది, ఎందుకంటే కార్బొనేట్ కరిగే బైకార్బొనేట్‌గా మారింది. ఆ తేటను మరిగించండి, తెలుపు తిరిగి వస్తుంది. మన ఇళ్లలో నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లని పెచ్చు పుట్టుక అదే. దాని మీద నిమ్మరసం వేస్తే నురగ వస్తుంది.

మెగ్నీషియం రిబ్బన్‌ను గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, పట్టకారుతో పట్టుకుని మంటలో పెట్టండి. ఆ వెలుగును సూటిగా చూడకండి. బూడిదను తడిపి ఫినాఫ్తలీన్ (క్షారం ఉంటే రంగు మారే సూచిక) చుక్క వేస్తే గులాబీ రంగు వస్తుంది. చల్లటి నీళ్లలో ఈ లోహం దాదాపు కదలదు, మరిగే నీళ్లలో బుడగలు వేస్తుంది. కాల్షియం చల్లటి నీళ్లలోనే హైడ్రోజన్ విడుస్తుంది. కిందికి వెళ్లేకొద్దీ చురుకు పెరుగుతుందని ఇక బట్టీ పట్టనక్కరలేదు.

తికమక పెట్టేది ద్రావణీయత. కిందికి పోయేకొద్దీ హైడ్రాక్సైడ్లు ఎక్కువగా, సల్ఫేట్లు తక్కువగా కరుగుతాయి. ఎప్సమ్ లవణం (మెగ్నీషియం సల్ఫేట్) నీటిలో ఇట్టే కరుగుతుంది. బేరియం సల్ఫేట్ కరగదు కాబట్టే, బేరియం విషమైనా, పేగుల ఎక్స్‌రేకు ముందు దాన్ని తాగిస్తారు. జ్వాలా పరీక్షలో కాల్షియం ఇటుక ఎరుపు, స్ట్రాన్షియం కెంపు ఎరుపు, బేరియం ఆకుపచ్చ.

ఫ్లోరైడ్ తొలగించే ‘నల్లగొండ పద్ధతి’లో సున్నం ఉంది కదా, ఫ్లోరైడ్‌ను పట్టేది అదేనా అని అడుగుతారు. కాల్షియం ఫ్లోరైడ్ లీటరు శుద్ధమైన నీటిలో సుమారు 16 మిల్లీగ్రాములు కరుగుతుంది, అంటే దాదాపు 8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. తాగునీటి పరిమితి 1.5. అందుకే సున్నం ఒక్కటే చాలదు. పటిక నుంచి ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తుట్టెలు ఫ్లోరైడ్‌ను పట్టి కిందికి దించుతాయి, సున్నం అందుకు కావలసిన క్షారతను ఇస్తుంది. మోతాదు నీటి పరీక్షను బట్టి మారుతుంది కాబట్టి, తాగే నీళ్లలో పటిక అంచనాగా వేయకండి.