దురద పెడితే ముందు సబ్బు పక్కన పెట్టండి

యోని దగ్గర దురద, మంట, విరిగిన పాలలా తెల్లటి స్రావం వంటి ఫంగస్ ఇన్ఫెక్షన్ లక్షణాలు కనిపించగానే చాలామంది చేసే మొదటి పని సబ్బుతో గట్టిగా కడగడం. దయచేసి అలా చేయకండి. అక్కడ సహజంగానే కొంత ఆమ్లగుణం ఉంటుంది, పీహెచ్ సుమారు 3.8 నుంచి 4.5 వరకు. దాన్ని కాపాడేది లాక్టోబాసిల్లై అనే మంచి బ్యాక్టీరియా. సబ్బులు, సువాసన ద్రవాలు ఆ రక్షణనే చెదరగొడతాయి. బయటి భాగాన్ని మామూలు నీళ్లతో కడిగి, మెత్తటి బట్టతో రుద్దకుండా అద్దుకుంటే చాలు.

వెల్లుల్లి రెబ్బ, వెనిగర్, టీ ట్రీ నూనె లోపల పెట్టమని ఎవరు చెప్పినా వినవద్దు. అంత సున్నితమైన చోట పుండు పడితే బాధ రెట్టింపవుతుంది. పెరుగు తినండి, మంచిదే, కానీ అదే మందు అనుకోకండి. వదులైన నూలు లోదుస్తులు వేసుకుని, చెమటకు తడిసిన వెంటనే మార్చుకోండి. దురద మరీ వేధిస్తే చల్లటి తడిబట్ట బయట కాసేపు ఆనించండి, ప్రాణం తెరిపిన పడుతుంది.

ఫంగస్‌ను తగ్గించేది మాత్రం క్లోట్రిమజోల్ లాంటి మందే. ఇది మొదటిసారి అయినా, గర్భంతో ఉన్నా, చేపల వాసన, జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉన్నా ముందు డాక్టరుకు చూపించండి. మళ్లీ మళ్లీ వస్తుంటే షుగరు పరీక్ష కూడా చేయించుకోండి.