ట్యూబ్ టైరా, ట్యూబ్‌లెస్సా? మీ బండికి ఏది సరిపోతుందో తేల్చుకోవడం ఎలా?

టైరు మార్చాల్సి వస్తే చాలామంది ముందు టైర్లే చూస్తారు. నిజానికి ముందు చూడాల్సింది రిమ్మును.

1. రిమ్ము ఎలాంటిదో చూడండి. చువ్వల చక్రమైతే ఒక్కో చువ్వ రిమ్ములోకి దిగే చోట ఒక రంధ్రం ఉంటుంది. ట్యూబు లేకపోతే గాలంతా అక్కడినుంచే పోతుంది. అందుకే మామూలు చువ్వల చక్రాలకు ట్యూబు తప్పదు. అల్లాయ్ చక్రమైనా సరే, ట్యూబ్‌లెస్ రిమ్మో కాదో కనుక్కున్నాకే టైరు కొనండి.

2. టైరు పక్క భాగం చదవండి. ట్యూబ్‌లెస్ అనో, ట్యూబ్ టైప్ అనో అక్కడే ఉంటుంది. కొన్నిటి మీద పొట్టిగా టీఎల్, టీటీ అని వేస్తారు.

3. మేకు దిగితే ఏమవుతుందో ఆలోచించండి. ట్యూబు గాలితో సాగి ఉంటుంది కాబట్టి చిన్న రంధ్రం కూడా చిరిగి పెద్దదవుతుంది. గాలి ఒక్కసారిగా దిగిపోతుంది. వేగంగా వెళ్తున్న బైకు ముందు చక్రానికి ఇలా జరిగితే అదుపు చేయడం చాలా కష్టం. ట్యూబ్‌లెస్ టైరుకు లోపలివైపు గాలిని ఆపే రబ్బరు పొర ఉంటుంది. దిగిన మేకును రబ్బరు బిగించి పట్టుకోవడంతో సాధారణంగా గాలి మెల్లగా పోతుంది, బండిని పక్కకు తీసుకునే వ్యవధి దొరుకుతుంది. రిమ్ము ఒప్పుకుంటే ట్యూబ్‌లెస్సే తీసుకోండని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. మిగతా తేడాలు దీని ముందు చిన్నవే.

అయితే గతుకుల దారుల్లో రిమ్ము అంచు సొట్టపోతే ట్యూబ్‌లెస్‌లో గాలి నిలవదు. రిమ్ము నుంచి ఊడిన టైరును మళ్లీ కూర్చోబెట్టాలంటే చేతిపంపు చాలదు, కంప్రెసర్ కావాలి. ట్యూబుకు ఈ బాధలు తక్కువ.

4. ట్యూబ్‌లెస్ పంక్చర్‌కు సిద్ధంగా ఉండండి. రంధ్రాన్ని పూడ్చే రబ్బరు స్ట్రిప్, పనిముట్లు చేతికి వచ్చేదాకా మేకు పీకకండి. పీకాక రంధ్రాన్ని బరక సూదితో గరుకు చేసి, స్ట్రిప్ దూర్చి, మిగిలిన కొసలు కత్తిరించి గాలి కొట్టాలి. రంధ్రం సుమారు 6 మిల్లీమీటర్లు దాటినా, టైరు పక్క భాగంలో పడినా స్ట్రిప్‌తో సరిపెట్టకండి. అలాంటప్పుడు టైరు మార్చడమే క్షేమం.

5. టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోండి. ట్యూబ్‌లెస్‌లో మేకు ఉన్నా బండి మామూలుగానే నడుస్తుంది. తక్కువ గాలితో అలాగే తిప్పితే టైరు వేడెక్కి లోపల పాడవుతుంది. ఒకే చక్రంలో పదేపదే గాలి తగ్గుతుంటే టైరు మీద, వాల్వు దగ్గర, రిమ్ము అంచున సబ్బు నీళ్లు పోయండి. బుడగలు వచ్చిన చోటే లీకు.