మేజర్ ప్రాజెక్టును ఓపెన్ సోర్స్‌లో చేయించడం ఎలా: గైడ్‌ల కోసం

బీటెక్ మేజర్ ప్రాజెక్టును ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్ మీద చేయించాలనుకుంటే ఫోర్-వన్ (నాలుగో ఏడాది మొదటి సెమిస్టరు) మొదలయ్యేదాకా ఆగకండి. త్రీ-టూ పరీక్షలైపోయాక వచ్చే సెలవుల్లోనే పని మొదలవాలి. అప్పటి పని విద్యార్థులది కాదు, గైడ్‌ది. ఏ ప్రాజెక్టు, దాన్ని నడిపే మెయింటైనర్లు ఒప్పుకున్నారా, కాలేజీ అనుమతి ఉందా అన్నవి జీరోత్ రివ్యూకి (కాలేజీలో జరిగే తొలి సమీక్షకు) ముందే తేలాలి. తేలకపోతే చివరి నెలలో పిల్లలు రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొచ్చి రికార్డు బైండింగ్ చేయించేస్తారు.

ప్రాజెక్టు ఎంపిక

పేరున్న ప్రాజెక్టు కన్నా జవాబిచ్చే ప్రాజెక్టు మేలు. రిపాజిటరీలో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట) గత 3 నెలల్లో ముగిసిన పుల్ రిక్వెస్టులు, అంటే మా మార్పు చేర్చుకోండని బయటివాళ్లు పంపినవి, ఓ పది తెరిచి చదవండి. కొత్తవాళ్లకు మొదటి జవాబు ఎన్నాళ్లకు వచ్చిందో చూడండి. వారం దాటుతుంటే సెమిస్టరు సరిపోదు. ఆ తర్వాత ల్యాబ్‌లోని 8 జీబీ ర్యామ్ మెషీన్ మీద మీరే దాన్ని బిల్డ్ చేసి (కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్ తయారుచేసి) టెస్టులు నడపండి. లిబ్రెఆఫీస్ మొదటి బిల్డ్‌కి గంటలు పడుతుంది. క్రోమ్ బ్రౌజర్‌కు మూలమైన క్రోమియం జోలికి ఆ మెషీన్లతో వెళ్లొద్దు.

బిల్డ్ కన్నా ముందే ఆపేది కాలేజీ నెట్‌వర్క్. చాలా ల్యాబ్‌ల్లో 22వ పోర్టు మూసి ఉంటుంది కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత మార్గంలో గిట్ పుష్ (కోడ్‌ను రిపాజిటరీకి పంపడం) పోదు. రిపాజిటరీలుండే గిట్‌హబ్ సైటు 443 పోర్టులో కూడా ఎస్‌ఎస్‌హెచ్ ఇస్తుంది, దాన్ని సెట్ చేయండి. హెచ్‌టీటీపీఎస్ వాడితే పాస్‌వర్డ్ పనిచేయదు, 2021 ఆగస్టు నుంచి టోకెన్ తప్పనిసరి.

విద్యార్థుల పని మీద హక్కు తమదేనని కొన్ని కాలేజీల నిబంధనల్లో ఉంటుంది. ప్రాజెక్టు లైసెన్సు కింద కోడ్ ఇవ్వడానికి అభ్యంతరం లేదని హెచ్‌ఓడీ దగ్గర ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ప్రతి మార్పు కింద సైన్డ్-ఆఫ్-బై అనే సంతకం లైను అడిగే ప్రాజెక్టుల్లో విద్యార్థి ఆ హక్కు తనకుందని తన పేరు మీద హామీ ఇస్తున్నట్టు. ఆ సంగతి వాళ్లకు విడమరిచి చెప్పాలి.

మెయింటైనర్లకు ముందే చెప్పండి

ఎంతమంది విద్యార్థులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, మిడ్ పరీక్షలు ఎప్పుడు, పంపేముందు కోడ్ ఎవరు చూస్తారు: ఈ నాలుగూ ఒక ఉత్తరంలో రాయండి. ఒక ప్రాజెక్టుకు ఒక్క బ్యాచే, నలుగురికి మించకుండా. సెక్షన్‌లోని 60 మందినీ ఒకే రిపాజిటరీ మీదికి తోలితే అక్కడి ఇద్దరు ముగ్గురు వలంటీర్ల సాయంత్రాలన్నీ తినేసినట్టే.

వాళ్లకు తెలియకుండా ఏ ప్రయోగమూ చేయకండి. సమీక్షలో లోపాలు దాటిపోతాయేమో చూద్దామని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు లినక్స్ కెర్నల్‌కు కావాలనే తప్పులున్న ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పంపారు. 2021 ఏప్రిల్‌లో కెర్నల్ మెయింటైనర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే మార్పులనే ఆపేశారు. ఆ పరిశోధనతో సంబంధం లేనివాళ్లూ ఆ దెబ్బ తిన్నారు.

ఎలాంటి పని ఇవ్వాలి

ప్రాజెక్టు పరిచయ ఫైలైన రీడ్‌మీలో అక్షర దోషాలు దిద్దడంతో మొదలుపెట్టించకండి. అలాంటివాటితో మెయింటైనర్లు ఇప్పటికే విసిగిపోయి ఉన్నారు. మొదటి రెండు వారాలు ఒక్కొక్కరూ ఒక్కో బగ్‌ను తమ మెషీన్ మీద మళ్లీ రప్పించి, ఏ వెర్షన్‌లో ఏ మెట్టు దగ్గర వస్తోందో ఇష్యూలో (ఆ బగ్ మీద చర్చ నడిచే పేజీలో) రాయాలి.

తెలుగు పిల్లలకు చేతికందే పని ఒకటుంది: సెర్చ్‌లో తెలుగు మాటలు సరిగా దొరికేలా చేయడం. 'సాఫ్ట్‌వేర్' అని టైప్ చేస్తే ట్ తర్వాత యు+200సి అనే కనిపించని అక్షరం ఉంటుంది. అది లేకుండా రాస్తే వ కాస్తా వత్తుగా మారి 'సాఫ్ట్వేర్' అవుతుంది. చదివేవాడికి రెండూ ఒకే మాట, సెర్చ్‌కు మాత్రం వేర్వేరు. అక్షరాలను ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతి ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ కూడా దాన్ని తీసేయదు. వెతికే మాటలోంచి మాత్రమే తీసేస్తే ఇండెక్స్‌లో (సెర్చ్ చూసే మాటల పట్టికలో) ఉన్నదానితో కలవదు, రెండు వైపులా తీయాలి. భద్రపరిచిన అసలు పాఠంలోంచే తీస్తే మాట రూపమే మారిపోతుంది. పర్షియన్‌లో అదే అక్షరం స్పెల్లింగ్‌లో భాగం కాబట్టి అన్ని భాషలకూ ఒకే నియమం పెట్టాలా అన్నది మెయింటైనర్లతో తేల్చుకోవాలి. కోడ్ పది పదిహేను లైన్లే కావచ్చు, టెస్టులూ చర్చా కలిపితే నెల పని. మేజర్ ప్రాజెక్టు స్థాయి ఇక్కడే ఉంది.

ఎక్కడ చెడుతుంది

తమ మార్పులున్న బ్రాంచ్‌ను మూడు వారాలు వదిలేస్తారు, ప్రాజెక్టు అసలు కోడ్ (మెయిన్) ముందుకెళ్లిపోయి రెండూ పొసగక కాన్‌ఫ్లిక్ట్‌లు వస్తాయి. ప్రతి సోమవారం అప్‌స్ట్రీమ్ (అసలు ప్రాజెక్టు) కొత్త కోడ్ తెచ్చి, తమ మార్పులను దాని మీదికి మార్చే రీబేస్ చేయించండి. లేదా నాలుగు నెలల పనిని 3,000 లైన్ల ఒకే పుల్ రిక్వెస్టుగా పంపుతారు, దాన్నెవరూ చదవరు. 200 లైన్లు దాటితే విడగొట్టించండి. బయటికి పంపేముందు బ్యాచ్‌లో మరొకరు చదివి, నడిపి, సరేనని రాయాలి. ఏఐ రాసిన కోడ్ గురించి ఆ ప్రాజెక్టు నియమం ఏమిటో ముందే చూడండి. నియమం ఏదైనా సరే, తన ప్యాచ్‌లో ప్రతి లైనూ ఎందుకుందో చెప్పలేని విద్యార్థి దాన్ని పంపకూడదు. మెయింటైనర్ ప్రశ్నను మళ్లీ చాట్‌బాట్‌కిచ్చి జవాబు అతికిస్తే ఆ ప్రాజెక్టులో మీ కాలేజీకి మర్యాద పోతుంది.

మార్కులు, వైవా

మార్పు ప్రాజెక్టులో కలిసిందా (మెర్జ్ అయిందా) లేదా అన్నదానికి మార్కులు ముడిపెట్టొద్దు. అది విద్యార్థి చేతిలో లేదు. పైగా మార్కుల కోసం మెయింటైనర్ల వెంటపడతారు. గైడ్ చేతిలో ఉన్న మార్కులను 100 అనుకుంటే అందులో కోడ్‌కీ టెస్టులకీ 35, డిజైన్ చర్చకు 25, సమీక్షకు స్పందించిన తీరుకు 25, తోటివారి కోడ్ చూసినందుకు 15 ఇస్తే సరిపోతుంది.

వైవాలో బయటినుంచి వచ్చే పరీక్షకుడు (ఎక్స్‌టర్నల్) మొదట అడిగేది "ఇందులో మీరు చేసిందేంటి?" అనే. కాబట్టి టైటిల్‌లో సాఫ్ట్‌వేర్ పేరొక్కటే పెట్టకుండా 'తెలుగు సెర్చ్‌లో కనిపించని అక్షరాల సమస్య, పరిష్కారం' అన్నట్టు పెట్టించండి. రికార్డులో ఒక్కో విద్యార్థి కమిట్ల (నమోదైన మార్పుల) జాబితా విడిగా ఉండాలి. డెమోలో ఒకే మాటను పాత వెర్షన్‌లోనూ కొత్తదానిలోనూ వెతికి చూపాలి. ప్రాజెక్టు పాత కోడ్‌ను అనుబంధంలో కుక్కితే కాపీ తనిఖీలో సిమిలారిటీ శాతం పెరిగి రికార్డు వెనక్కొస్తుంది, వాళ్లు మార్చిన లైన్లు మాత్రమే చూపే డిఫ్ చాలు.

ఫోర్-టూ ఆఖరి రెండు వారాల్లో కొత్త కోడ్ రాయనివ్వకండి. మిగిలిన పుల్ రిక్వెస్టులు డ్రాఫ్ట్‌గా (ఇంకా పూర్తికానివిగా) మార్చి, ఏది అయింది, ఏది ఆగింది, ఏ టెస్టు ఇంకా ఫెయిలవుతోంది అన్నది ఇష్యూలో రాయించండి. కాలేజీ మెయిల్ ఐడీ మూతపడేలోగా వాళ్ల గిట్‌హబ్ ఖాతాకు సొంత మెయిల్ కలిపించండి, లేకపోతే తర్వాత వచ్చే సమీక్ష ప్రశ్నలు వాళ్లకు చేరవు.