నలభై దాటాక రోడ్డు రేసు – 4వ పాఠం: మీ వంతు వచ్చాక వేగం పెంచకండి

పోయిన పాఠంలో సైకిలు రేసులో గాలి తగలకుండా ముందువాడి వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని తొక్కడం గురించి రాశాను. వచ్చిన జవాబులు చూస్తే సగం మంది పాఠం చదివారనీ, మిగతా సగం శీర్షిక చదివి రోడ్డెక్కేశారనీ అనిపించింది. గుణుపురం నుంచి ఒకాయన గీరుకుపోయిన మోచేయి ఫొటో పంపారు. మూడడుగుల దూరంతో మొదలుపెట్టమని రాస్తే, ఆయన మొదటి ఆదివారమే అరడుగులోకి దూరిపోయారు. పైగా తన ముందు చక్రాన్ని ఎదుటివాడి వెనక చక్రం పక్కకు తెచ్చారు. ఎదుటివాడు గుంత తప్పించబోయి జరిగాడు, చక్రాలు రాసుకున్నాయి. ఇలాంటప్పుడు పడేది వెనకవాడే. ముందువాడికి చప్పుడు వినిపిస్తే తప్ప సంగతే తెలియదు. అందుకని, ఆ చక్రాన్ని దాటి పక్కకు రావద్దు. దీని మీద ఇక ప్రశ్నలు పంపొద్దు.

జయపురం నుంచి ఒకరి సందేహం: "వచ్చే జనవరిలో రేసు. నాకు ఆ ఏడాది నవంబరుకు గానీ 40 నిండవు. ఏ వర్గంలో పేరివ్వాలి?" అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య లెక్కలో నెలలూ తేదీలూ ఉండవు. రేసు జరిగే సంవత్సరంలోంచి పుట్టిన సంవత్సరం తీసేస్తే వచ్చేదే వయసు. ఆ లెక్కన జనవరికే మీకు 40. ఊళ్లో పెట్టుకునే రేసులకు నిర్వాహకులు తమ లెక్క తాము పెట్టుకుంటారు, ఫారం చదువుకోండి.

గేర్లు మార్చడం, నీళ్ల సీసా తియ్యడం నేను చెప్పను. అవి రానివాళ్లు ఇంత దూరం వచ్చి ఉండరు.

ఇక అసలు తలనొప్పి. లైనులో నలుగురైదుగురు చక్కగా గంటకు 32 కిలోమీటర్ల వేగంతో పోతుంటారు. ముందున్నవాడు గాలిని కాసే తన వంతు ముగించి పక్కకు తప్పుకుంటాడు. రెండోవాడు ముందుకొస్తాడు. వచ్చీ రాగానే 35కి లాగేస్తాడు! ఎందుకయ్యా అంటే, "నేను పెంచలేదండీ, అదే పెరిగింది" అంటాడు.

అదే పెరగదు. ఇప్పటిదాకా గాలి ముందువాడి ఒంటికి తగిలింది, మీరు మూడింట రెండొంతుల శ్రమతో నెట్టుకొచ్చారు. అతను తప్పుకోగానే గాలి మీ ఛాతీకి కొడుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. వేగం పడిపోతోందేమోనని టెన్షన్ పడి గట్టిగా తొక్కుతారు. నిజమే, అదే వేగం నిలబెట్టాలన్నా ఇప్పుడు ఎక్కువ తొక్కాలి. కానీ ఎంత ఎక్కువ అన్నది కాళ్లను అడిగితే తప్పు చెబుతాయి. గుండె వేగం చూపించే పట్టీ అర నిమిషం ఆలస్యంగా పలుకుతుంది. మీటరులో వేగం ఒక్కటే చూడండి.

గంటకు మూడు కిలోమీటర్ల వేగం పెరిగినందుకే ఇంత గొడవా అంటారేమో. గాలిని తోసుకుపోవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 32 నుంచి 35కి పోతే ఆ ఖర్చు దాదాపు 30 శాతం ఎక్కువ. దాన్ని కట్టేది మీరొక్కరే అయితే నాకేం బాధ లేదు. ఇప్పుడే వంతు ముగించి, రొప్పుతూ లైను చివరికి జారుతున్నవాడి సంగతి చూడండి. అతను చివరి చక్రం అందుకోబోయే సరిగ్గా ఆ క్షణంలో మీరు లైనును లాగేశారు. రెండు సైకిళ్ల సందు వచ్చింది. ఆ సందు పూడ్చాలంటే అతను ఒంటరిగా గాలికి ఎదురీది మిమ్మల్ని మించిన వేగంతో రావాలి. అలసినవాడికి అదెక్కడ కుదురుతుంది? కాసేపటికి మీ మనిషి ఒకడు తగ్గాడు, వంతులు తొందరగా తిరగడం మొదలైంది. నేను చూసినంతలో మాస్టర్స్ (పెద్ద వయసువాళ్ల) రేసుల్లో ముందుగా రాలిపోయేది బలం లేనివాళ్లు కారు, అప్పుడే వంతు చేసి వచ్చినవాళ్లు.

బొరిగుమ్మ బజారు దగ్గర పడగానే చూసేవాళ్లున్నారని లాగేవాడు ఒకడు. కల్వర్టు దిగుడు కనిపిస్తే ఆగలేనివాడు ఇంకొకడు. వెనక దాక్కుని బలం మిగుల్చుకుని, అదంతా ఒక్క వంతులో చూపించేవాడు మరొకడు. టైములు రాసిపెట్టే స్ట్రావా యాప్‌లో ఆ రోడ్డు ముక్కకు తన పాత టైము గుర్తొచ్చినవాడితో అసలు తొక్కకండి.

2018లో నెదర్లాండ్స్‌లోని ఐంద్‌హోవెన్ విశ్వవిద్యాలయంలో బెర్ట్ బ్లాకెన్ బృందం 121 మంది రైడర్ల గుంపును పరీక్షించింది. గుంపు లోపల వెనకభాగంలో ఉన్నవాళ్లకు తగిలే గాలి నిరోధం, ఒంటరిగా పోయేవాడికి తగిలేదానిలో 5 నుంచి 10 శాతమేనని తేలింది. మన ఐదుగురి లైనులో అంత రాదు. అందుకే ఒక్కరిని పోగొట్టుకున్నా మనకు నష్టమే.

తప్పుకునేది ఎటు? రేసులో గాలి వచ్చే వైపుకు. లారీలు తిరిగే రోడ్డు మీద మాత్రం నా పద్ధతి ఎప్పుడూ ఎడమకే. బరంపురం వాళ్లకు ఒక చిట్కా: గోపాల్‌పూర్ నుంచి ఛత్రపూర్ వైపు పోతుంటే సముద్రం కుడిచేతి పక్క ఉంటుంది, పొద్దెక్కాక గాలి అటునుంచే కొడుతుంది. గాలివైపు తప్పుకునే సాధన తిరుగు ప్రయాణంలో చెయ్యండి. అప్పుడు గాలీ ఎడమే, మీరు తప్పుకునేదీ ఎడమే. సుంకి ఘాట్ మీద ఇవేవీ పనికిరావు. గంటకు పన్నెండుతో ఎక్కేటప్పుడు ఎవరి వెనక దాక్కున్నా పెద్దగా మిగిలేదేం ఉండదు.

సాధన: ఐదుగురు, తెల్లారేసరికి ఖాళీ రోడ్డు, గంటకు 30. ఒక్కొక్కరి వంతు ఒక నిమిషం, ఒక్కొక్కరికి పన్నెండు వంతులు. ముందున్నవాడి మీటరుకు టేపు అంటించండి, వేగం రెండోవాడు చూస్తాడు. 31 దాటితే అరవాలి, అందరూ సున్నా నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. మీ జట్టులో ఒడియావాళ్లు, తెలుగువాళ్లు కలిసుంటే అరుపు ఏదో ముందే అనుకోండి. బయల్దేరే ముందు చోడి (రాగి) అంబలి తాగండి, జేబులో వేరుశనగ ఉండలు రెండు ఎక్కువే పెట్టుకోండి. మొదటి వారం ఇది గంటలో తెమిలే పని కాదు.