పోటు 10 మీటర్లు ఎలా లేస్తుందో ట్రేలో చూపడం

గుంటూరు, విజయవాడ పిల్లలకు బాగా తెలిసిన సూర్యలంకలో ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టం తేడా పున్నమి, అమావాస్యలకు కూడా మీటరు, మీటరున్నర. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో భావ్‌నగర్ దగ్గర అది 10 మీటర్లు దాటుతుంది. కెనడాలోని ఫండీ అఖాతంలో 16 మీటర్ల దాకా పోతుంది. చంద్రుడు అక్కడి నీటిని ఎక్కువగా లాగుతాడని కాదు. అఖాతం ముఖద్వారం దగ్గర మహాసముద్రం ఇచ్చే ఊపు, లోపలి నీరు సహజంగా ఊగే లయతో కలిసినప్పుడు పోటు పెరుగుతుంది. ఈ అనునాదాన్ని బోర్డు మీద చెప్పడం కన్నా నీటితో చూపడం మేలు.

అంచులు ఎత్తుగా ఉన్న, 60 సెంటీమీటర్ల పొడవైన ట్రేలో 5 సెంటీమీటర్ల లోతు నీరు పోసి, చిటికెడు పసుపు చల్లండి. ఒక కొసను వేలెడు ఎత్తి, నీరు నిలిచాక చప్పున దించండి. ఒక గోడ దగ్గర లేచిన నీరు మళ్లీ అక్కడే లేవడం ఒక ఊపు. ఫోన్‌లో ఐదు ఊపుల కాలం చూసి ఐదుతో భాగిస్తే సుమారు 1.7 సెకన్లు వస్తుంది. ఇప్పుడు అదే లయలో కొసను అర సెంటీమీటరు మాత్రమే ఎత్తి దించుతూ ఉంటే, గోడ దగ్గర నీరు అంతకు ఎన్నో రెట్లు లేస్తుంది (కింద పాత గుడ్డ పరచడం మరవకండి). సెకనుకు ఒకసారి ఎత్తి దించి చూడండి, అంత లేవదు.

అసలు విషయం ట్రే మధ్యలో ఉంది. అక్కడ మట్టం దాదాపు కదలదు, కాని పసుపు రేణువులు అటూ ఇటూ పరుగెడతాయి. ఆ మధ్యగీతను ముఖద్వారమనుకుంటే, అక్కడి నుంచి గోడ దాకా ఉన్న సగం ట్రే అఖాతం. అల ఆ అఖాతం పొడవును నాలుగుసార్లు దాటడానికి పట్టే కాలమే దాని ఊపుకాలం. లోతును 9.8తో గుణించి వర్గమూలం తీస్తే అల వేగం వస్తుంది: 75 మీటర్ల లోతుకు సెకనుకు 27 మీటర్లు. అంత లోతున్న అఖాతం 300 కిలోమీటర్ల పొడవుంటే, దాని ఊపుకాలం చంద్రుడి పోట్ల మధ్య ఉండే 12 గంటల 25 నిమిషాలకు దగ్గరగా వస్తుంది. ఫండీ, దానిని ఆనుకుని అమెరికాలోని మెయిన్ రాష్ట్రం పేరుతో ఉన్న సింధుశాఖ కలిసి సుమారు 13 గంటల లయలో ఊగుతాయి.

అనునాదం ఒక్కటే అన్నిచోట్లా కారణమని మాత్రం చెప్పకండి. ఖంభాత్‌లో లోపలికి పోయేకొద్దీ వెడల్పూ లోతూ తగ్గడం కూడా పోటును పెంచుతుంది. మధ్యధరా సముద్రానికి జిబ్రాల్టర్ దగ్గర ఉన్న దారి సుమారు 14 కిలోమీటర్ల వెడల్పే కాబట్టి, అక్కడి చాలా తీరాల్లో పోటు తక్కువ. ఆ ఇరుకును చూపాలంటే ట్రే మధ్యలో చిన్న సందు వదిలి ప్లాస్టిక్ అట్టను అడ్డుగా నిలబెట్టండి, అదే 1.7 సెకన్ల లయలో ఎంతసేపు ఊపినా నీరు మునుపటి ఎత్తుకు లేవదు.