లినక్స్‌లో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పెట్టే ముందు

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. పాత లాప్‌టాప్‌ని పారేయకుండా ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ వేసుకోవడం మంచి ఆలోచనే. కానీ పెళ్లి ఫోటోలు, పిల్లల వీడియోలు ఉన్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ జోలికి వెళ్లే ముందు కొంచెం ఆగండి. లాప్‌టాప్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, అవి పోతే మళ్లీ రావు.

మొదటి పని విండోస్ ఉండగానే చెయ్యాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు. అలా వదిలేసిన ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫైళ్లు దాచే పద్ధతి) డిస్క్‌ని లినక్స్ ఒక్కోసారి అసలు తెరవదు, లేదంటే చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. పవర్ ఆప్షన్స్‌లో దాన్ని ఆపేసి, డిస్క్‌ని ఎజెక్ట్ చేసి తీయండి. ఇప్పటికే ఎర్రర్ వస్తుంటే బలవంతంగా మౌంట్ చెయ్యొద్దు, అంటే ఫైళ్లు తెరిచేలా సిస్టమ్‌కి జోడించొద్దు. ఎవరిదైనా విండోస్ సిస్టమ్‌కి పెట్టి, డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ (chkdsk) నడపండి. లినక్స్‌లోని ఎన్‌టీఎఫ్ఎస్‌ఫిక్స్ (ntfsfix) కమాండ్ చిన్నచిన్న తప్పులే సరిచేస్తుంది.

డిస్క్ టిక్ టిక్‌మంటూ మాటిమాటికీ కనెక్షన్ పోతుంటే ముందు పవర్‌ని అనుమానించండి. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3.0 అయితే 900. రాస్ప్‌బెరీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌లో నాలుగు పోర్టులకూ కలిపి 1.2 ఆంపియర్లే. పొట్టి కేబుల్, సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడితే చాలాసార్లు తీరిపోతుంది.

అసలు ప్రమాదం ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడు. లినక్స్ డిస్కులకి ఇచ్చే ఎస్‌డీఏ (sda), ఎస్‌డీబీ (sdb) పేర్లు శాశ్వతం కావు. నిన్న ఎస్‌డీబీగా ఉన్న పెన్‌డ్రైవ్ ఇవాళ ఎస్‌డీసీ కావచ్చు. పెన్‌డ్రైవ్‌లోకి లినక్స్‌ని రాసే డీడీ (dd) కమాండ్ ఒక్క మాట కూడా అడగకుండా చెప్పినచోట రాసుకుంటూ పోతుంది. అందుకే పెన్‌డ్రైవ్ పెట్టక ముందు ఒకసారి, పెట్టాక ఒకసారి, డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బ్లాక్ (lsblk) కమాండ్ కొట్టి, కొత్తగా వచ్చిన వరస ఏదో, దాని సైజెంతో చూడండి. 16 జీబీ పెన్‌డ్రైవ్ 14 లేదా 15 జీ దగ్గర, 1 టీబీ హార్డ్‌డిస్క్ 931.5 జీ అని కనిపిస్తాయి. ఇంకా భద్రమైన దారి, ఆ సమయంలో ఫోటోల డిస్క్‌ని అసలు తగిలించకపోవడమే. ఇన్‌స్టాలర్ 'మొత్తం డిస్క్ తుడిచెయ్యనా' అని అడిగేటప్పుడూ అంతే.

కాపీ బార్ నిండింది కదా అని కేబుల్ పీకెయ్యొద్దు. డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. దాన్ని డిస్క్‌లోకి రాసేసే సింక్ (sync) కమాండ్ ఇచ్చి, అది ముగిసే దాకా ఆగి, అప్పుడు ఎజెక్ట్ చెయ్యండి. బిజీగా ఉందంటే ఏదో టెర్మినల్ ఆ ఫోల్డర్‌లోనే తెరిచి ఉందేమో చూడండి. ఎక్స్‌ఫ్యాట్ (exFAT) పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్క్ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేస్తుంది గానీ దానికి జర్నల్ (చేస్తున్న మార్పులు రాసుకునే చిట్టా) లేదు, మధ్యలో పీకితే దెబ్బ ఎక్కువ.

బూట్‌లోనే డిస్క్ మౌంట్ కావాలంటే ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ (/etc/fstab) ఫైల్‌లో ఎస్‌డీబీ అని కాకుండా యూయూఐడీ (UUID, మారని గుర్తింపు సంఖ్య) రాసి, నోఫెయిల్ (nofail) అనే ఆప్షన్ చేర్చండి. నోఫెయిల్ లేకపోతే డిస్క్ తగిలించని రోజు సిస్టమ్ 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది.

బ్యాకప్ అయ్యాక డిస్క్ తీసి, మళ్లీ పెట్టి, నాలుగైదు పెద్ద వీడియోలు చివరిదాకా ఆడించి చూడండి. విండోస్‌ని తుడిచేది ఆ తర్వాతే.